ఎగాన్ తప్పుల బోర్డు

శ్రావ్య మా వీధిలో పెరిగిన పిల్ల. అమెరికాలోని అల్ఫారెట్టాలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల వాళ్ళ ఇల్లు. మొన్న ఎండాకాలంలో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, అందరిలా సాఫ్ట్‌వేర్‌లో పడకుండా, కార్ రేసుల టీమ్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. అప్పట్నించీ వాళ్ళమ్మ నా మీద గుర్రుగా ఉంది. "నీ వల్లే చెడింది పద్మా" అని కనిపించినప్పుడల్లా దెప్పుతుంది. చెడగొట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను.

వెళ్ళేముందు శ్రావ్య మా వంటింట్లో కూర్చుని, "ఆంటీ, యూట్యూబ్‌లో అందరూ విన్నింగ్ గురించే చెప్తున్నారు. అసలు జాబ్ ఏంటో మీరు రాయండి. తెలుగులో రాస్తే మామ్ చదివి చెప్తుంది" అంది.

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ముప్ఫై ఏళ్ళు టైర్లలో గాలి కొలిచాను, అందులో రాయడానికేముంది అనుకున్నాను. కానీ పోయిన నెల ఆ పిల్ల దగ్గర్నుంచి ఒక ఫోన్ వచ్చింది. ఆ తర్వాత రాయకుండా ఉండలేకపోయాను. ఆ ఫోన్ సంగతి చివర్లో చెబుతాను. రాసుకోమని తనే అంది. ముందు మా బాస్ గురించి చెప్పాలి.

అసలు ఈ పని ఏమిటి

మావి స్పోర్ట్స్ కార్ల పందేలు. ఆరు గంటలు, ఒక్కోసారి పది గంటలు ఆగకుండా సాగుతాయి. ఒక కారు, దాన్ని వంతులవారీగా నడిపే ఇద్దరు డ్రైవర్లు. మధ్యమధ్య కారు ట్రాక్ పక్కనుండే పిట్‌లోకి వస్తుంది. పెట్రోలు పోసి, టైర్లు మార్చి, క్షణాల మీద పంపేయాలి. టీవీలో కనిపించేది అంతే. కనిపించనిదల్లా కొలవడం. తారు ఎంత వేడెక్కింది, టైరులో గాలి ఎంత, బ్రేకు ఎంత అరిగింది, ఉన్న పెట్రోలు ఎన్ని చుట్లకు సరిపోతుంది. కొలవడం, మళ్ళీ కొలవడం. నేను మొదట ఈ అంకెలు చూసే ఇంజినీర్‌ని, తర్వాత రేడియోలో డ్రైవర్‌తో మాట్లాడే ఇంజినీర్‌ని, చివరి పదకొండేళ్ళు మేనేజర్‌ని.

మనవాళ్ళకి ఈ ఉద్యోగం ఎన్నడూ అర్థం కాలేదు. పుట్టినరోజు పార్టీల్లో "పద్మగారు కార్ల కంపెనీలో చేస్తారు" అని పరిచయం చేసేవారు. వెంటనే ఎవరో ఒకాయన ప్లేటు పట్టుకుని దగ్గరకొచ్చి, "మినీవాన్ కొందామనుకుంటున్నామండీ, ఏది మంచిది?" అని అడిగేవాడు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత చక్కగా సలహా చెప్పడం నేర్చుకున్నాను. మా వీధిలో సగం మినీవాన్లు నా చలవే.

రొట్టెల వ్యాన్ డ్రైవరు

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఎగాన్. జర్మనీ మనిషి. వాళ్ళ నాన్నకి కొండ కింద ఊళ్ళో రొట్టెల దుకాణం ఉండేదట. కుర్రతనంలో ఈయన వ్యాన్ వేసుకుని కొండమీద హోటళ్ళకి రొట్టెలు చేర్చేవాడు. అవి చల్లారకూడదని మలుపుల్లో బ్రేకు తొక్కకుండా నడపడం అలవాటు చేసుకున్నాడు. "రొట్టెలు వేడిగానే చేరేవి. కానీ అన్నీ వ్యాన్లో ఒకే మూలకి చేరేవి. మా నాన్న నా వీపు చీరేసేవాడు" అని చెప్పి తనే పడీపడీ నవ్వేవాడు.

అక్కణ్ణుంచి కొండదారుల పందేలు, ఆ తర్వాత పెద్ద పందేలు. యూరప్‌లో పన్నెండేళ్ళు స్పోర్ట్స్ కార్లు నడిపి, ఒక్క సీజన్‌కని అమెరికా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నలభై రెండో ఏట ఉన్నట్టుండి నడపడం మానేసి మేనేజర్ అయ్యాడు. ఎందుకు మానేశారని అడిగితే "ముసలాణ్ణయ్యాను" అనేవాడు. అది అబద్ధమని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది.

ఆయన గెలుచుకున్న కప్పులు వర్క్‌షాప్‌లోనే ఉండేవి. పెద్దదాంట్లో బోల్టులు, చిన్నదాంట్లో పెన్నులు. గొప్ప బాస్ అనను. మొండిఘటం. మొదటి రెండేళ్ళూ నన్ను రేడియో ముట్టుకోనివ్వలేదు. "నీ యాస డ్రైవర్లకి అర్థం కాదు" అన్నాడు. ఆ ముక్క ఆయన ఏ యాసలో అన్నాడో విన్నవాళ్ళకి తెలుసు. "మీరేమన్నారో నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి" అన్నాను. ఆ వారమే రేడియో చేతికిచ్చాడు.

ఇచ్చిన రోజే తప్పు చేశాను. డ్రైవర్ సరిగ్గా మలుపు తిరుగుతుండగా పెట్రోలు లెక్క చెప్పడం మొదలుపెట్టాను. కారు కాస్త గడ్డిలోకి దిగి బయటికొచ్చింది. ఎగాన్ అరవలేదు. సాయంత్రం తన పాత హెల్మెట్ నా తలకి తగిలించి, ట్రాక్ మ్యాప్ చేతికిచ్చి, "వేలితో నడుపు" అన్నాడు. నేను వేలు కదిపి మలుపు దగ్గరికి రాగానే చెవి పక్కన అంకెలు గట్టిగా చదివాడు. వేలు ఎక్కడుందో మర్చిపోయాను. "మలుపులో ఉన్నవాడితో మాట్లాడకు, తిన్నగా వచ్చాక మాట్లాడు" అన్నాడు. రేడియో గురించి నాకు తెలిసిందంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఇంట్లో కూడా పనికొచ్చింది.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ప్రతి రేసు తర్వాత సోమవారం పొద్దున వర్క్‌షాప్‌లో అందరం తెల్లబోర్డు ముందు కూర్చోవాలి. ఎవరి తప్పు వాళ్ళు లేచి రాయాలి. పక్కవాడి తప్పు రాయకూడదు. గెలిచినా సరే రాయాలి. మొదట ఎగాన్ రాసేవాడు. బోర్డు నిండాక ఒక్కసారి అందరం చదివి, తుడిచేసేవాళ్ళం. ఇంత పెద్ద మనిషి "నిన్న డ్రైవర్ డానీ మీద అనవసరంగా అరిచాను" అని రాసి మార్కర్ పక్కవాడికి అందిస్తుంటే, మొదటిసారి నేను ఆ వాక్యం రెండుసార్లు చదివాను. నేను అంతదాకా చూసిన ఆఫీసుల్లో తప్పంటే పక్కవాడిదే.

ఎక్కాల పొగరు

టైర్లలో గాలిని ఎగాన్ బార్‌లలో చెప్పేవాడు. జర్మనీలో అదే కొలత. టైర్ల పని చూసే రాయ్‌కి అమెరికా పౌండ్లు తప్ప ఇంకోటి తెలియదు. రాయ్ అరవైకి దగ్గరపడిన జార్జియా మనిషి. నెమ్మదస్తుడు. చిన్నా పెద్దా తేడా లేకుండా ఆడవాళ్ళందర్నీ "మ్యామ్" అనేవాడు. నేను తెచ్చే పులిహోరని "ఎల్లో రైస్" అని అడిగి మరీ పెట్టించుకుని, మిరపకాయలు జాగ్రత్తగా ఏరి ఎగాన్ ప్లేటులో వేసేవాడు.

ఆయన బార్‌లకీ ఈయన పౌండ్లకీ మధ్య నేను. ఒక బార్ అంటే పద్నాలుగున్నర పౌండ్లు. ఇరవయ్యో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పి పెరిగినదాన్ని. పదిహేనుతో గుణించి, అందులోంచి అసలు అంకెలో సగం తీసేస్తే సరి. ఎగాన్ నోట్లో మాట పూర్తయ్యేలోపు జవాబు నా నోట్లో ఉండేది. కాలిక్యులేటర్ తీసేవాళ్ళని చూస్తే నాకు నవ్వు. డ్రైవర్లు పందెం కట్టి మరీ నన్ను పరీక్షించేవారు. నాకు ఏనుగెక్కినంత సంబరం.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆరు గంటలపాటు సాగే రేసు. మేము సీజన్లో రెండో స్థానంలో ఉన్నాం. రెండో టైర్ల సెట్టుకి గాలి ఎంతో ఎగాన్ నాకు చెప్పాడు: ముందు వాటికి 1.38, వెనక వాటికి 1.52. నేను రాయ్ దగ్గరికి పరిగెత్తుకుంటూ వెళ్ళే దారిలోనే లెక్క కట్టేశాను. ఇరవై, ఇరవై రెండు. లెక్క తప్పలేదు. కానీ రాయ్‌తో చెప్పేటప్పుడు తిరగేసి చెప్పాను. ముందు ఇరవై రెండు, వెనక ఇరవై.

మా కారుకి ఇంజిన్ వెనక ఉంటుంది. బరువంతా వెనకే, గాలీ అక్కడే ఎక్కువ ఉండాలి. రాయ్ తలెత్తి, "వెనక ఇరవయ్యేనా? ఖాయమేనా మ్యామ్?" అని అడిగాడు.

"రాయ్, నేను లెక్క తప్పడం నువ్వెప్పుడైనా చూశావా?" అన్నాను.

అన్నది అంతే. నవ్వుతూనే అన్నాను. ఆయన తలూపి గాలి కొట్టడానికి వంగాడు.

ఆ టైర్లు వేసుకుని వెళ్ళిన పదకొండో చుట్టులో, పొడవాటి తిన్ననైన దారి చివర, వెనక ఎడమ టైరు పేలిపోయింది. కారు గోడకి కొట్టుకుని మూడు పల్టీలు కొట్టింది. నడుపుతున్నది డానీ. నేను రేడియోలో "డానీ, డానీ" అని పిలుస్తూనే ఉన్నాను. జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ చెప్పలేను. చివరికి "బతికే ఉన్నా, అరవకు" అన్నాడు. మెడ కింద ఎముకా, రెండు పక్కటెముకలూ విరిగాయి. సీజన్ గెలిచే ఆశ అక్కడితో పోయింది.

సోమవారం

విరిగిన కారుని పరీక్షించినవాళ్ళు వెనక టైర్లలో గాలి తక్కువగా ఉందని తేల్చారు. టీమ్ యజమాని అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. ఎవరో ఒకరు వెళ్ళిపోవాలన్నాడు. మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి పేరు చెబుతానని ఎగాన్ అన్నాడు.

సోమవారం పొద్దున బోర్డు ముందు కూర్చున్నాం. ఎగాన్ లేచి మొదటి వాక్యం రాశాడు: "అంకెలు కాగితం మీద లేకుండా నోటితో నడవనిచ్చాను." మార్కర్ పక్కన పెట్టి కూర్చున్నాడు. రాయ్ లేచి రాశాడు: "నాకు అనుమానం వచ్చింది. అయినా ఆగలేదు."

అంతే రాశాడు. ఎవరు చెప్పారో రాయలేదు, ఎందుకు ఆగలేదో రాయలేదు. పక్కవాడి తప్పు రాయకూడదు కదా. గాలి కొట్టింది ఆయన చెయ్యి, అందరికీ అదే కనిపించింది. వయసు మీదపడింది పాపం అన్నట్టు చూశారు. మార్కర్ నా దాకా వచ్చింది. "టైమింగ్ షీట్ ఆలస్యంగా ఇచ్చాను" అని ఏదో పనికిమాలిన ముక్క రాసి కూర్చున్నాను. ఎగాన్ నావైపు చూడలేదు. రాయ్‌ని ఇంటికెళ్ళి ఉండమన్నారు.

ఎందుకు చెప్పలేదో కూడా రాయాలి కదా. అప్పటికి నాది హెచ్-1బి వీసా. మా ఆయన ప్రసాద్ నా వీసా మీదే వచ్చాడు, ఆయనకి పనిచేసే వీలు లేదు. నా ఉద్యోగం పోతే ఇద్దరం పెట్టె సర్దుకోవాలి. ఇవాళ ఇది చదివే పిల్లల్లో సగం మందికి ఆ భయం తెలుసు. అయితే, శ్రావ్యా, నిజం చెప్పాలంటే అది సగమే. మిగతా సగం పొగరు. లెక్కల పద్మ లెక్క తప్పిందని నలుగురిలో అనిపించుకోవడం నావల్ల కాలేదు.

సాయంత్రం ప్రసాద్‌తో అంతా చెప్పాను. ఆయన బీరకాయలు చెక్కుతూ విన్నాడు.

"ఏం చెయ్యమంటారు?" అన్నాను.

"నేను చెప్పను" అన్నాడు. "చెప్పేయమంటే రేపు ఉద్యోగం పోయాక నన్నంటావు. ఊరుకోమంటే జన్మంతా నన్నంటావు. రెండూ నావల్ల కాదు."

నాకు మండుకొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆయన కన్నా తెలివిగా ఆ మాట ఎవరూ చెప్పలేరనిపిస్తుంది.

మంగళవారం

పొద్దున ఆఫీసుకెళ్ళేసరికి నా బల్ల మీద రాయ్ ప్రెషర్ గేజ్ ఉంది. టైర్లలో గాలి కొలిచే పాత ఇత్తడి గేజ్. ఆయన సొంతం. నేను ఎప్పుడూ అరువు తీసుకుని తిరిగివ్వడం మర్చిపోయేదాన్ని. సామాన్లు సర్దుకోవడానికి పొద్దున్నే వచ్చి, వెళ్తూ వెళ్తూ నాకోసం వదిలి వెళ్ళాడట. చీటీ ఏమీ లేదు. కోపంతో పెట్టాడేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. కాదు. గేజ్‌ని శుభ్రంగా తుడిచి, గుడ్డ మీద పెట్టాడు. మీకు పనికొస్తుంది, ఉంచుకోండి అని.

రెండు గంటలు దాని ముందు కూర్చున్నాను. తర్వాత లేచి ఎగాన్ గదిలోకి వెళ్ళి, నిలబడే చెప్పాను. ముందూ వెనకా తిరగేశానని, రాయ్ అడిగాడని, నేనేమన్నానో కూడా. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చేశాను.

ఆయన గోడ గడియారం వైపు చూసి, "పదకొండూ పది" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు.

"ముందు ఆసుపత్రికి వెళ్ళి డానీతో చెప్పు. తర్వాత రాయ్ ఇంటికి వెళ్ళు. తర్వాత బోర్డు మీద రాయి. ఆ తర్వాత పని చేసుకో."

"నా ఉద్యోగం?"

"పని చేసుకో అన్నాను కదా" అన్నాడు.

డానీ కట్లలో ఉన్నాడు. విని, "ఇకనుంచి నా కారుకి కాలిక్యులేటర్ వాడు పద్మా" అన్నాడు. నవ్వబోయి పక్కటెముకలు పట్టుకున్నాడు. నన్ను వెంటనే క్షమించాడని చెప్పలేను. తిరిగొచ్చాక ఏడాదిపాటు రేడియోలో నేను చెప్పిన ప్రతి అంకెనీ రెండుసార్లు చెప్పించుకునేవాడు.

రాయ్ ఇల్లు గంట దూరం. నేను వెళ్ళేసరికి పెరట్లో టమాటా మొక్కలకి కర్రలు కడుతున్నాడు. గేజ్ ఆయన చేతిలో పెట్టి, "ఎగాన్‌తో అంతా చెప్పేశాను. రాయ్, తప్పు నీమీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాను" అన్నాను.

ఆయన తాడు ముడి పూర్తిగా వేసి అప్పుడు లేచాడు.

"మీరు చెప్తారని నేననుకోలేదు మ్యామ్" అన్నాడు.

అంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. తిట్టలేదు, అరవలేదు. ఉన్నమాట చెప్పాడు.

"మరి సోమవారం నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"మీ తప్పు మీది. అనుమానం వచ్చి కూడా ఊరుకోవడం నాది. నాది నేను రాశాను." తాడు చుట్ట పక్కన పెట్టి, "నేను తిరిగి రావాలంటే ఒక షరతు. అంకె కాగితం మీద రాసివ్వాలి. నేను దాన్ని పైకి చదువుతాను. చదివింది మీరు వినాలి. మీరు సరేనన్నాకే గాలి" అన్నాడు.

"సరే" అన్నాను.

"ఎల్లో రైస్ తెచ్చారా?"

తేలేదు. ఆ వారం తెచ్చాను, పెద్ద గిన్నెడు. బోర్డు మీద మాత్రం ఆ సాయంత్రమే రాశాను, రాయ్ అడిగిన మాటతో సహా. రాయ్ పెట్టిన ఆ షరతు మా టీమ్‌లో ఇప్పటికీ నడుస్తోంది. రాసిచ్చినవాళ్ళు వినాలి, తీసుకున్నవాళ్ళు చదవాలి. మేనేజర్ అయినా సరే. యజమానికి ఎగాన్ ఏం చెప్పుకున్నాడో తెలియదు. ఆ సీజన్ చివరిదాకా ఆయన ఎగాన్‌తో మాట్లాడలేదని మాత్రం తెలుసు.

సొరుగులో కాగితం

చాలా ఏళ్ళ తర్వాత ఎగాన్ రిటైరయ్యాడు. నన్ను మేనేజర్‌ని చేస్తున్నట్టు చెప్పి, సొరుగులోంచి ఒక కవరు తీసి ఇచ్చాడు. విప్పి చూద్దును కదా, నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరం. ఆ మంగళవారం తారీఖు, కింద ఎగాన్ సంతకం.

"సోమవారమే టైప్ చేశాను" అన్నాడు. "రాయ్ ముందూ వెనకా తారుమారు చేసే మనిషి కాదు. నేను చెప్పిన అంకెలు నాకు తెలుసు. మధ్యలో ఉన్నది నువ్వొక్కదానివే. పన్నెండు దాకా చూద్దామనుకున్నాను."

"తెలిసినప్పుడు పిలిచి అడగొచ్చు కదా?"

"అడిగితే చెప్పేదానివి. అడిగాక చెప్పేవాళ్ళు నాకెందుకు?"

"మరి పన్నెండూ ఐదుకి వచ్చుంటే?"

అప్పుడు ఆయన తను డ్రైవింగ్ ఎందుకు మానేశాడో చెప్పాడు. రొట్టెల వ్యాన్ నాటి నుంచీ ఆయన కారు చూసుకునే మెకానిక్ ఒకడు జర్మనీ నుంచి ఆయనతోపాటే వచ్చాడట. రేడియోలు సరిగా పనిచేయని కాలం. పెట్రోలుకి లోపలికి రమ్మని ఆ మనిషి పిట్ గోడ దగ్గర పలక పట్టుకుని నిలబడ్డాడు. ఎగాన్‌కి పలక కనిపించలేదు. కారు పెట్రోలు అయిపోయి దారిలో ఆగిపోయింది. గెలిచే రేసు పోయింది. "పలక కిందికి పట్టుకున్నాడు, అందుకే కనబడలేదు" అని ఎగాన్ అన్నాడు. ఆ సాయంత్రమే మెకానిక్‌ని పంపించేశారు. కొన్ని నెలలకి కళ్ళ డాక్టరు చెప్పాడు, ఎగాన్‌కి దూరపు చూపు తగ్గిందని.

"పలక సరిగానే పట్టుకున్నాడు" అన్నాడు ఎగాన్. "ఎన్నో ఉత్తరాలు రాశాను. అన్నీ విప్పకుండానే తిరిగొచ్చాయి. నాకెవరూ పన్నెండు దాకా టైమివ్వలేదు పద్మా. ఇచ్చినా నేను వచ్చేవాణ్ణి కాదు. నువ్వు వచ్చావు."

ఆరోజు ఆ ముసలాయన్ని పట్టుకుని ఏడ్చాను, సిగ్గుపడలేదు. నాకు జీతమిచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. నన్ను నమ్మకుండా కూడా నాకోసం కాచుకున్నది ఆయనొక్కడే. ఎన్ని థాంక్స్‌లు చెప్పినా సరిపోదు. ఆ ఉత్తరం నా బీరువాలో పాస్‌పోర్ట్ పక్కన ఉంది.

ఫోన్

పోయిన నెల ఒక బుధవారం. నేను కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తుంటే ఫోన్ మోగింది. శ్రావ్య.

"ఆంటీ, ఐ మెస్డ్ అప్. టెస్టింగ్‌కి నేను ఇంజిన్ సెట్టింగ్స్ రాంగ్ ఫైల్ లోడ్ చేశాను. నిన్న ఇంజిన్ పోయింది. ఇక్కడ అందరూ ఇంజిన్ బిల్డ్ చేసినాయన తప్పు అనుకుంటున్నారు. ఆయన ఏమీ అనట్లేదు, జస్ట్ కూర్చున్నాడు. నేనే అని ఎవరికీ తెలీదు ఆంటీ. ఏం చెయ్యాలి?"

ప్రసాద్ బీరకాయలు చెక్కుతూ అన్న మాట గుర్తొచ్చింది. గేజ్ గుర్తొచ్చింది. ఇదంతా చెప్పడానికి అప్పుడు టైము లేదు, అందుకే ఇప్పుడు రాశాను.

"అక్కడ ఇప్పుడు టైమెంతమ్మా?" అన్నాను.

"టెన్ ఫిఫ్టీ. ఎందుకు ఆంటీ?"

"ఇంకా పన్నెండు కాలేదు. ఫోన్ పెట్టేసి వెళ్ళు."